పసుపు ముద్ర

కేశవులు బిగించిన బండి ఏడుస్తోంది.

మామూలు ఏడుపైతే సరే. బండి అన్నాక తలుపు కిర్రుమంటుంది, సైలెన్సరు గొణుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఇది అట్లాంటిది కాదు. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, వెనక చక్రాల మధ్య నుంచి సన్నగా మొదలై, వేగం పెరిగేకొద్దీ పైపైకి పోయే కూత. లోపల కూర్చున్నవాళ్ళు మాటలాపి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

అది పుల్లారెడ్డి బాడుగకు తిప్పే ఎస్‌యూవీ. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటెక్కి దిగుతుంటుంది. షెడ్డుకు వచ్చినప్పుడు ఆ కూత చిన్నదే. కేశవులు వెనక ఇరుసు మధ్య ఉండే హౌసింగు విప్పి, లోపలుండే రెండు పళ్ళచక్రాలు, పెద్ద క్రౌనూ చిన్న పినియనూ, జోడీగా కొత్తవి వేశాడు. బేరింగులు మార్చాడు. కొత్త ఆయిలు పోశాడు. బండి రోడ్డెక్కింది, కూత రెట్టింపైంది. మళ్ళీ విప్పి ఇంకాస్త గట్టిగా బిగించాడు. కూత ఇంకాస్త పెరిగింది.

"ఏందయ్యా కేశవులూ, సన్నాయి తీసి సైరన్ పెట్టావే!" అన్నాడు పుల్లారెడ్డి. "ఎదురొచ్చే బండ్లోళ్ళు అంబులెన్సనుకుని పక్కకి తప్పుకుంటున్నారు. సాయంత్రానికి తేల్చకపోతే ఒంగోలు తోలుకుపోతా. ఏమనుకోబాక."

ఏమనుకోకుండా ఎట్లా ఉంటాడు? గేరు పనంటే కేశవులే అని ఊళ్ళో పేరు. బండి ఒంగోలు పోతే ఆ పేరు కూడా దాని వెంటే పోతుంది. ఆ కూత మాన్పగల మనిషి ఊళ్ళో ఇంకొకాయన ఉన్నాడు. కేశవులు ఆయన గడప తొక్కి ఏళ్ళు గడిచాయి.

ఆయన జిలానీ ఉస్తాద్. కేశవులుకు పానా పట్టుకోవడం నేర్పినవాడు.

మీసం మొలవకముందే ఆయన షెడ్డులో చేరాడు కేశవులు. అప్పుడు ఊరంతా జీపులే. పలకల గనుల జీపులు, అడవిశాఖ జీపులు, జనాన్ని వేలాడేసుకుని తిరిగే బాడుగ జీపులు. పొద్దున్నే డీజిలు వాసన, రేకుల కింద ఎండ, పొయ్యి మీద ఉడుకుతూనే ఉండే చాయ్. మధ్యాహ్నం ఉస్తాద్ భార్య బీబమ్మ రొట్టెలూ గోంగూర మాంసమూ పంపేది. రంపప్పొట్టుతో చేతుల జిడ్డు రుద్దుకుని, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆ రొట్టె రుచి ఇప్పటికీ నాలిక మీదుంది కేశవులుకు. బీబమ్మ లేదిప్పుడు.

పని చేతికొచ్చాక మాత్రం కథ మారింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఆఖరి ఏడాది ఇద్దరికీ మాట మాటకీ పడేది. ఇతను బిగించిన నట్టును ఆయన మళ్ళీ పట్టి చూసేవాడు, ఆయన చెప్పేలోపే ఇతను "తెలుసు ఉస్తాద్" అనేవాడు. అరుపులు రోడ్డు దాకా వినపడేవి. ఒకరోజు ఉస్తాద్ ఒక గోతంలో పానాలు వేసి కట్టి కేశవులు చేతికిచ్చాడు.

"కంభం రోడ్డులో ఖాళీ జాగా ఉంది. షెడ్డు వేసుకో. ఇక్కడ నీకు పని లేదు" అన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు.

ఊరికి నోరుందిగా, అది చెప్పింది. వాడి పని లూజంట, అందుకే ఉస్తాద్ తరిమేశాడంట. ఆ మాట కేశవులు గుండెలో ములుకులా దిగింది. ఆ రోజు నుంచి అతని చేతిలో లూజన్నదే లేదు. ఏది బిగించినా ప్రాణం పోయేటట్టు బిగించేవాడు. ఉస్తాద్ బజార్లో ఎదురైతే సలాం పెట్టేవాడు, తల దించుకుని తప్పుకునేవాడు. నన్నెందుకు పంపేశారని ఒక్కసారి అడగాలని మాత్రం ఉండేది. నోరు పెగిలేది కాదు.

ఇప్పుడు చచ్చినట్టు ఆ కూత వేసే బండి తోలుకుని ఆయన షెడ్డు ముందే ఆగాడు.

షెడ్డు అదే. రేకులు తుప్పు పట్టాయి, అంతే తేడా. ఒక మూల పాత జీపొకటి బోనెట్ తెరుచుకుని ఉంది. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని కార్బరేటర్ తుడుస్తున్నాడు. గడ్డం బాగా తెల్లబడింది. బండి ఆగకముందే తలెత్తాడు. వస్తూ వస్తూ కూత ముందే చెప్పేసి ఉంటుంది.

"చాయ్ తాగావా?" అన్నాడు.

నిన్న సాయంత్రం వెళ్ళి ఇవాళ వచ్చినట్టు అడిగాడు.

"లేదు ఉస్తాద్."

"తాగు. తర్వాత చూద్దాం."

చాయ్ తాగాక ఉస్తాద్ డ్రైవర్ సీటు పక్కన కూర్చోలేదు. వెనక డిక్కీ తలుపెత్తించి, మోకాలు పట్టుకుని ఎక్కి, టోపీ తీసి పక్కన పెట్టి, చెంప బండి నేలకానించి పడుకున్నాడు. జీపుల కాలంలో అట్లా పడుకుని వినేది కేశవులు. తోలేది ఆయన.

"పోనీ" అన్నాడు ఉస్తాద్.

కేశవులు తర్లుపాడు రోడ్డు మీద పోనిచ్చాడు. కూత మొదలైంది.

"వదులు."

కాలు తీశాడు. కూత ఆగింది.

"తొక్కు."

మళ్ళీ వచ్చింది.

తారు రోడ్డు పోయి సిమెంటు రోడ్డొచ్చింది. టైర్ల చప్పుడు మారింది గానీ కూత మారలేదు. మలుపులు అటూ ఇటూ తిప్పించాడు. అప్పుడూ అదే కూత.

"టైరు కాదు. చక్రం బేరింగూ కాదు. తొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది. పళ్ళు" అన్నాడు వెనక నుంచి. "బిగించింది ఎవరు?"

"నేనే ఉస్తాద్."

"ఎట్లా?"

కేశవులులో పాత రోషం తలెత్తింది. "ఇంత కూడా ఆట లేకుండా బిగించా. క్రౌను పట్టుకుని ఊపితే కదలదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

"షెడ్డుకు తిప్పు" అన్నాడు ఉస్తాద్.

షెడ్డుకొచ్చాక ఇద్దరూ కలిసి ఆయిలు దించి, యాక్సిల్ రాడ్లు లాగి, షాఫ్టు విప్పి, క్రౌనూ పినియనూ ఉన్న ఆ ఇనప ముద్దను బల్ల మీద పెట్టారు. ఏ పానా ఎప్పుడు కావాలో అడగకుండానే చేతికొచ్చేది. చేతులు ఏదీ మరిచిపోలేదు. కేశవులుకు అది చూసి సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది.

ఉస్తాద్ లోపలికెళ్ళి డబ్బాలోంచి చిటికెడు పసుపు తెచ్చాడు. గ్రీజులో కలిపి, క్రౌను పళ్ళకు వేలితో పూశాడు. జీపుల కాలంలో ప్రతి క్రౌనుకూ పూసేవాడు. "ఏ పల్లు ఎక్కడ తగులుతోందో పసుపు చెబుతుంది, నేను చెప్పేదేముంది" అనేవాడు. కేశవులు తన షెడ్డులో ఆ పసుపు ఎప్పుడో మానేశాడు. గట్టిగా బిగించేవాడికి పసుపుతో పనేంటనుకున్నాడు.

"తిప్పు."

కేశవులు పినియన్ తిప్పాడు. బరువుగా, పట్టి పట్టి తిరిగింది. క్రౌను పళ్ళ మీద పసుపు చెదిరి ముద్రలు పడ్డాయి. అవి పంటి నడుమ ఉండాలి. అడుగంటి ఉన్నాయి. గీసినట్టు, పదునుగా.

కేశవులు వంగి చూశాడు. చెవులు వేడెక్కాయి. చూడగానే తెలిసిపోయింది. అంత తెలిసిన పని, ఇన్నేళ్ళు చేసిన పని!

"మరీ దగ్గరై కొరుక్కుంటున్నాయి" అన్నాడు మెల్లిగా.

"ఊఁ" అన్నాడు ఉస్తాద్. పానా తీసి కేశవులుకే ఇచ్చాడు.

క్రౌనుకు రెండు పక్కలా రింగు నట్లుంటాయి. ఒకటి వదిలి రెండోది బిగిస్తే క్రౌను పినియన్‌కు ఎడంగా జరుగుతుంది. కేశవులు ఒక గాడి వదిలాడు. చెయ్యాగిపోయింది.

"ఇంకా" అన్నాడు ఉస్తాద్.

"ఆట వస్తుంది ఉస్తాద్."

"రానీ."

"లూజంటారు."

ఆ మాట అనడానికి కేశవులు చాలా కష్టపడ్డాడు. ఉస్తాద్ అతని మొహం వైపు చాలాసేపు చూశాడు. ఊళ్ళో ఆ మాట పుట్టిన సంగతి ఆయనకూ తెలుసేమో. అటు తిరిగి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఎవరంటారు?" అన్నాడు చివరికి. "ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం. వదులు."

వదిలాడు. వెంట్రుకవాసి జరిగింది. కేశవులు రెండో పక్క రింగు బిగించి, క్రౌను మీద చెయ్యేసి అటూ ఇటూ ఊపాడు. 'టిక్' మని చిన్న చప్పుడు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ 'టిక్'. ఉస్తాద్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. పాత పసుపు తుడిచి కొత్తది పూశారు. ఈసారి తిప్పితే ముద్ర పంటి నడుమ పడింది, అంచులు మెత్తగా. దేవుడి గది గడపకు ఆడవాళ్ళు పెట్టే బొట్టులా ఉంది.

అన్నీ బిగించి ఆయిలు పోసేసరికి పొద్దు వాలుతోంది. ఈసారి ఉస్తాద్ డ్రైవర్ సీటెక్కాడు.

"వెనక పడుకో" అన్నాడు.

కేశవులు డిక్కీలో పడుకుని చెంప నేలకానించాడు. బండి కదిలింది. రోడ్డు గరగర వినపడింది, ఇంజను వినపడింది. ఎక్కడో ఒక వదులు బోల్టు గలగలలాడింది. ఇంకేం లేదు. తను పిల్లాడిగా ఉన్నప్పుడు ఇట్లాగే పడుకుని, ఏమీ వినపడకపోతే "అయిపోయింది ఉస్తాద్!" అని కేక వేసేవాడు. ఆయన హారన్ కొట్టేవాడు. అది గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మొహం కనపడటం లేదు గనక, ఇన్నేళ్ళూ పెగలని నోరు అప్పుడు పెగిలింది.

"ఉస్తాద్, ఆ రోజు నన్నెందుకు పంపేశారు?"

బండి వేగం పెరిగింది. అద్దంలోంచి చెట్ల కొనలు గిర్రున వెనక్కి పోతున్నాయి. యాక్సిలరేటర్ బాగా తొక్కి ఉస్తాద్ గట్టిగా అడిగాడు.

"ఏమన్నా వినపడుతోందా?"

"లేదు ఉస్తాద్."

"బాగా విను."

విన్నాడు. "లేదు."

షెడ్డు దాకా కేశవులు అట్లాగే పడుకుని ఉన్నాడు. లేవబుద్ధి కాలేదు.

బండి ఆగాక దిగి, తాళం చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఉస్తాద్, నా షెడ్డు ఎత్తేసి వచ్చేస్తా. మీకు చేయి సాయంగా ఉంటా. మళ్ళీ ఇక్కడే, మీ పక్కనే."

ఉస్తాద్ అతని మెడ వెనక చెయ్యేసి దగ్గరకు లాక్కున్నాడు. ఆయన చొక్కాకు డీజిలు వాసన, పాత వాసనే. కేశవులు ఆయన భుజాన తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉస్తాద్ గడ్డం కూడా తడిసింది. కాసేపయ్యాక ఆయనే వదిలాడు. మొహం తుడుచుకుని, బండి వైపు తోశాడు.

"పో, ఆ రెడ్డి ఎదురుచూస్తుంటాడు."

"మరి రేపు రానా ఉస్తాద్?"

"పండక్కి రా" అన్నాడు జిలానీ ఉస్తాద్. "రోజూ రాకు."