చెవి విరిగిన బొమ్మ

తిమాగోరస్‌కి ముప్పై దాటాయి. సైప్రస్ దీవిలో ఒక కొండమీది గుడిలో, వృద్ధ పూజారి స్తసియాస్ దగ్గర పన్నెండేళ్లుగా శిష్యుడు. స్తోత్రాలన్నీ నోటికి వచ్చు. ఏటా గొయ్యి తవ్వే రోజు వస్తే మాత్రం అతనికి ముద్ద దిగదు.

ఆ గుడిలో మొక్కుకున్నవాళ్లు సున్నపురాతి బొమ్మ చేయించి పెడతారు. మనిషి పొలానికి పోయినా, సముద్రం మీదికి పోయినా అతని బదులు బొమ్మ దేవుడి ముందు నిలబడుతుంది. అరుగులు నిండితే పాతవాటిని గుడి ఆవరణలోనే గోతిలో పూడుస్తారు. దేవుడి సొత్తు గనక ప్రహరీ దాటనివ్వరు.

అరుగుల మీది పాత బొమ్మల్లో తిమాగోరస్‌ది కూడా ఉంది, దానికి ఒక చెవి విరిగింది. చిన్నప్పుడు అతనికీ తమ్ముడికీ ఒకేసారి జ్వరం తగిలింది. తల్లి మొదట అతని బొమ్మ పెట్టింది. తమ్ముడి బొమ్మ చెక్కడం పూర్తయ్యేలోగా తమ్ముడు పోయాడు. ఆ బొమ్మ నిలబడి ఉన్నంతకాలమే తను బతుకుతానని అతని భయం.

అందుకే ఏటా గురువుగారు చూడకుండా దాన్ని కొత్త బొమ్మల వరుసలోకి జరిపేవాడు. అన్నిటి మొహాలూ ఒకటే, నవ్వూ ఒకటే, ఒక్క చెవి చూసి ఎవరు పోల్చుకోగలరు? దాని బదులు ఇంకెవరిదో గోతిలోకి వెళ్లేది. ఆ ఇంకెవరో ఏమయ్యారని అతను ఎన్నడూ అడగలేదు. ప్రాణభయం పట్టుకున్నవాడికి పక్కవాడు కనబడడు.

ఆ ఏడాది కూడా పాత బొమ్మలు గోతిలోకి దింపారు. ఖాళీలన్నీ కొత్తవాటితో నిండిపోయాయి. ఇక మట్టి కప్పబోతుండగా ఒక పడవవాడి భార్య రొప్పుతూ వచ్చింది. కొంగులో చిన్న బొమ్మ.

"అయ్యా, మా పాప మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. ఎక్కడో ఒకచోట పెట్టండయ్యా!"

స్తసియాస్ కొత్త బొమ్మల వరుసలోంచి చెవి విరిగిన బొమ్మను తీశాడు.

"ఇది ఎవరిది?"

"తెలీదు గురువుగారూ." అన్నాడు తిమాగోరస్.

"ఈ గుడిలో ఏటేటా నడిచే బొమ్మ ఇదొక్కటే, నాయనా." బొమ్మను అతని చేతుల్లో పెట్టి ముసలాయన పక్కకు తప్పుకున్నాడు.

తిమాగోరస్ ప్రహరీ గుమ్మం వైపు చూశాడు. పారిపోదామనుకున్నాడు. ఆ తల్లి ఏడవడం కూడా మరిచిపోయి అతని చేతులకేసే చూస్తోంది. తమ్ముడు పోయిన రోజు అమ్మ ఎలా ఉందో అతనికి గుర్తొచ్చింది.

గోతిలోకి దిగి బొమ్మను పడుకోబెట్టాడు. పైకెక్కి తన చేతులతోనే మట్టి లాగి కప్పాడు. కళ్లు గట్టిగా మూసుకుని, గుండె ఎప్పుడు ఆగుతుందా అని నిలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి పాప బొమ్మ అరుగు మీద ఉంది. దాని ముందు తల్లి సాగిలపడి ఉంది.

"గురువుగారూ, నాకు భయంగా ఉంది. ఇప్పుడు నా బదులు దేవుడి ముందు ఎవరున్నారు?"

స్తసియాస్ అతని చేతులకంటిన మట్టి దులిపాడు.

"ఎవరూ లేరు. ఆ తల్లి పక్కన చోటుంది, వెళ్లి నువ్వే నిలబడు."