రెప్ప కింది గరుకు

ఓబులేసు వేసిన కనుపాపను చూసి మెచ్చుకోనివాళ్లు లేరు.

కడపలో జిలానీ సాహెబ్ దగ్గర అతను పెట్టుడు కళ్లు చేసే పని నేర్చుకుంటున్నాడు. ఒక కన్ను పోయినవాళ్లకు, రెండో కంటిని చూసి అచ్చం అలాంటిదే గట్టి ప్లాస్టిక్‌తో చేసి, రంగులద్ది, రెప్పల వెనక అమర్చే పని అది. తెల్లగుడ్డులోని ఎర్ర నరాలను సైతం సన్నటి పట్టుపోగులతో దించేవాడు ఓబులేసు.

ఎద్దు కొమ్ము తగిలి కన్ను పోగొట్టుకున్న సుంకులమ్మకు, గురువు చెయ్యి పడకుండా మొదటిసారి తానే ఒక కన్ను చేశాడు. ఆమె అద్దంలో చూసుకుంది. ముఖానికి అడ్డంగా పెట్టుకున్న కొంగు తీసేసి, అట్లాగే బస్సెక్కింది.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. కొంగు మళ్లీ ముఖం మీదికొచ్చింది. కన్ను గుడ్డలో మూటగట్టి తెచ్చింది. రెప్ప లోపల ఎర్రగా వాచిపోయింది.

"చూసేటోళ్లకు బాగుండాది నాయనా. పెట్టుకునేది నేను కదా" అంది.

ఓబులేసు ఆ కన్నును భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా గీత లేదు.

"దీంట్లో ఏ లోపమూ లేదు ఉస్తాద్. ఆమెకింకా అలవాటు కాలేదు, అంతే."

జిలానీ సాహెబ్ సుంకులమ్మను కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి మందు ఇప్పించారు. వాపు పూర్తిగా తగ్గాక రమ్మన్నారు.

మర్నాడు పొద్దున, ఓబులేసు నేర్చుకుంటూ చేసి పెట్టిన కళ్లలో ఇంకా ఎవరికీ అమర్చనిది ఒకటి తీసి, వేడినీళ్లలో కడిగారు.

"నోరు తెరువు."

కింది పెదవికీ పళ్లకీ నడుమ దాన్ని పెట్టారు.

"మధ్యాహ్నం దాకా ఉంచుకో. వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉండు."

మొదట్లో ఓబులేసుకు నవ్వొచ్చింది. కాసేపటికి ఒకచోట ఏదో తగిలింది. వేలితో తడిమితే తెలియనిది, పెదవికి తెలుస్తోంది. మాట మాటకూ అక్కడే రాసుకుంటోంది. నాలుక పదే పదే అక్కడికే పోతోంది. అన్నం వేళకు పెదవి లోపల దోక్కుపోయింది. సంగటి, కారంగా నూరిన చెనిక్కాయల ఊరిబిండి ముందు పెట్టుకున్నాడు. మొదటి ముద్దకే కారం అంటుకుని కళ్లనీళ్లు తిరిగాయి.

గురువు నవ్వలేదు. తాను చేసిన కన్ను ఒకటి కడిగి ఇచ్చారు.

"ఇప్పుడు ఇది."

ఓబులేసు భయపడుతూనే పుండు మీద పెట్టుకున్నాడు. అది మెత్తగా జారి కుదురుకుంది. ఉమ్మి దాని మీద పలచటి పొరలా పరుచుకుంది. కాసేపటికి, ఉందో లేదో నాలుకతో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే సుంకులమ్మకు కొత్త కన్ను మొదలుపెట్టాడు. ఈసారి రంగుల దగ్గర కన్నా నునుపు చేసే గుడ్డచక్రం దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాడు. ముందువైపే కాదు, వెనక, అంచులు, ఎవరూ చూడని మూలలు కూడా నునుపు చేశాడు. మధ్యమధ్య కడిగి, పెదవి కింద పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ చక్రం తిప్పేవాడు.

వాపు తగ్గాక సుంకులమ్మ వచ్చింది. శుభ్రం చేసి ఉంచిన కన్నును ఓబులేసు అరచేతిలోకి తీసుకున్నాడు. ఎంత బాగా వేసినా చేతిలో అది ఒట్టి బొమ్మే. రెప్ప ఎత్తి, మెల్లగా లోపలికి జార్చాడు.

రెప్ప కిందికి దిగింది. పైకి లేచింది. మళ్లీ దిగింది. ఎక్కడినుంచో సన్నటి తడి వచ్చి కనుపాప మీద పరుచుకుంది. కన్ను తళుక్కుమంది.

తన రంగుల్లో ఉందనుకున్న వెలుగు ఆ తడిదే. ఓబులేసు చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఏమన్నా తగులుతాందా అమ్మా?"

"ఏం తగలాల నాయనా? పెట్టేసినావా?" అంది సుంకులమ్మ.

ఆమె వెళ్లాక కూడా ఓబులేసు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఆ కన్ను చూడనన్నా చూడదు. అయినా రెప్ప దానికి కూడా నీళ్లు తెచ్చి తుడుస్తాంది."

జిలానీ సాహెబ్ గుడ్డచక్రం మీది పొడి దులుపుతూ అన్నారు.

"అది పెట్టుడు కన్నని రెప్పకు తెలీదు బేటా. మనం తెలియనియ్యకూడదు."