సన్నాసమ్మ దీపం, గబ్బిలాల చెట్టు

ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, తెలుసుగా. అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో సన్నాసమ్మ అని ఓ ముసలమ్మ. ఏటి ఒడ్డున ఆవిడ గుడిసె. గుడిసె పక్కన నల్లమద్ది చెట్టు. చెట్టు నిండా గబ్బిలాలు. గబ్బిలం ఇంటికి చుట్టమొస్తే "నువ్వూ వేలాడు, నేనూ వేలాడతా" అందిట. సన్నాసమ్మ ఇంట్లోనూ అంతే, వచ్చినవాళ్ళకి పెట్టడానికి ఏమీ లేదు.

సందెవేళకి గబ్బిలాలు ఒక్కొక్కటే కొమ్మ వదిలి, ఏరు దాటి, కొండమీదికి పోయేవి. సన్నాసమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. చివరిది కూడా వెళ్ళాక లేచి గుంజకి దీపం కట్టేది. అవతలి ఒడ్డు నుంచి ఆ దీపానికి ఎదురుగా నడిస్తే మోకాలి లోతు నీళ్ళు. పక్కకి తప్పితే గుండం. దీపానికి నూనె ఎక్కడిదని ఎవరూ అడగలేదు. వెలుగుతున్నంతకాలం ఎవరడుగుతారు?

అప్పుడు ఊరిపెద్ద అప్పలసూరి వచ్చాడు. గబ్బిలాలు ఆయన తోటలో మామిడిపళ్ళు తినేశాయిట.

"ముసలీ, ఈటిని తోలేత్తాను" అన్నాడు.

"వద్దు బాబూ. అయి ఎలిపోతే నా దీపం ఆరిపోద్ది" అంది.

ఆయన నవ్వాడు. మొదట డప్పు కొట్టించాడు. గబ్బిలాలు లేచి, గాల్లో తిరిగి, మళ్ళీ వేలాడాయి. ఆ తర్వాత రాళ్ళు రువ్వించాడు. రాళ్ళు గుడిసె మీద పడ్డాయి. ఆ తర్వాత చెట్టు కింద ఎండుమిరపకాయల పొగ పెట్టించాడు. అప్పుడు పట్టపగలే అన్నీ వెళ్ళిపోయాయి. ఊళ్ళోవాళ్ళు దగ్గుకుంటూ సంతోషించారు.

ఆ సందెవేళ సన్నాసమ్మ గుమ్మంలో కూర్చుంది. ఆకాశంలో ఏమీ లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఆ తర్వాత లేచి దీపం పెట్టింది. నూనె ఉన్నన్నాళ్ళూ పెట్టింది.

తొలకరి పడింది. అప్పలసూరి పక్కూరి నుంచి కూతుర్నీ, ఆమె చంటిబిడ్డనీ తీసుకొస్తున్నాడు. ఏటి దగ్గరికి వచ్చేసరికి మసక చీకటి. దీపం లేదు. బిడ్డని భుజానేసుకుని దిగాడు. నీళ్ళు నడుముకొచ్చాయి.

"ముసలీ! దీపమేదే?" అని అరిచాడు.

"నూనె లేదు బాబూ! నా కేక ఇనబడ్డ కాడికి రండి!"

"ఇటు, ఇటు" అంటూ, వాళ్ళు ఒడ్డెక్కేదాకా పిలుస్తూనే ఉంది. ఒడ్డెక్కాక అప్పలసూరి బిడ్డని కూతురి చేతికిచ్చాడు.

"నూనె ఎందుకు లేదే అమ్మా?" అన్నాడు.

"కొండెక్కడానికి నాకు కాళ్ళేవి బాబూ? గబ్బిలాలే ఇప్పకాయలు తెచ్చి, గుజ్జు తిని, గింజలు నా గుమ్మంలో ఇడిసీవి. ఆటినే దంచి నూనె తీసీదాన్ని."

అప్పలసూరి మర్నాడు సందెకి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆకాశం చూశారు. ఏమీ రాలేదు. రెండో సందెకీ రాలేదు. మూడో సందెకి ఒకే ఒక్కటి వచ్చి, నల్లమద్ది చుట్టూ తిరిగి, కొండవైపు పోయింది.

తెల్లారి చూస్తే చెట్టు కింద ఒక ఇప్పగింజ, దానిమీద పంటిగాట్లు. ఎవరికీ వంగని అప్పలసూరి వంగి దాన్ని ఏరి, సన్నాసమ్మ చేతిలో పెట్టాడు.

"ఒక్కటే ఉందమ్మా" అన్నాడు.

"రేపూ రా బాబూ. వంగడం అలవాటవుద్ది" అంది.

ఊఁ కొట్టడం ఆపేశావేం? పడుకున్నావా? సరే మరి.

గబ్బిలాలు కొండకి,
గింజలన్నీ నూనెకి,
దీపమేమో ఏటికి,
కథేమో కంచికి,
నువ్వు నిద్దరలోకి, నేను నా చాపకి.