జెముడుకాకి వసూళ్లు

ఇప్పచెట్లు విరగబూసే కోనమల్లి అడవిలో జింకలు, కుందేళ్లు, ముంగిసలు, నక్కలు ఇరుగుపొరుగుగా బతికేవి. అక్కడ గవ్వలిస్తే ఏ సరుకైనా దొరికేది. ఏదుపంది ముళ్లమ్మ దుంపలు అమ్మేది. ఎలుగుబంటి గుబురన్న తేనె అమ్మేవాడు.

ఒక ఏడు వేసవి బాగా ముదిరింది. వాగు ఎండిపోయింది. తిండి దొరక్క అందరూ అరువు అడిగారు. కాదనలేక ఇద్దరూ ఇచ్చారు. తీరా తొలకరి దగ్గరపడేసరికి, వానాకాలానికి సరుకు కొందామంటే ఇద్దరి చేతుల్లోనూ చిల్లిగవ్వ లేదు. బాకీ అడిగితే "రేపు రండి" అనేవాళ్లే అందరూ. సరుకు లేకపోతే ముళ్లమ్మ పిల్లలు వానాకాలమంతా పస్తులుండాలి.

అప్పుడే దుమ్ములగొండి గర్జప్ప అడవంతా చాటుకుంటూ వచ్చాడు.

"మొండిబాకీలు వసూలు చేస్తాను! మూడే రోజులు! నా గొంతు వింటే బండరాయి కూడా గవ్వలు రాలుస్తుంది!"

గుబురన్న మురిసిపోయాడు. "నాలాంటి పెద్ద వ్యాపారికి ఇలాంటివాడే తగినవాడు," అన్నాడు.

"ముందుగా రెండు కుండల తేనె ఇవ్వాలి. వచ్చినదాంట్లో సగం నాది," అన్నాడు గర్జప్ప.

"అలాగే తీసుకో!"

ముళ్లమ్మ మాత్రం తొందరపడలేదు. "ఇంతకుముందు ఎవరి బాకీలు వసూలు చేశావు నాయనా? వాళ్లతో ఒక్కమాట మాట్లాడతాను," అంది.

"నన్నే అనుమానిస్తావా?" అని గర్జప్ప కస్సుమన్నాడు.

గుబురన్న పకపకా నవ్వాడు. "ఇలా ఆరాలు తీస్తూ కూర్చుంటే వానలొచ్చేస్తాయి అక్కా!"

ముళ్లమ్మ నొచ్చుకోలేదు. నలుగురినీ అడుగుతూ వెళ్లింది. వడ్రంగిపిట్ట ఆమెకు జెముడుకాకి కెంపన్న సంగతి చెప్పింది.

"నాకు రావలసినవి ఇరవై గవ్వలు. రెండు రావని కెంపన్న మొదటే చెప్పాడు. మిగతా పద్దెనిమిదీ తెచ్చాడు. ఆ బాకీదారులు ఇప్పటికీ సరుకు కోసం నా దగ్గరికే వస్తున్నారు," అంది వడ్రంగిపిట్ట.

ఆ చివరి మాట ముళ్లమ్మకు బాగా నచ్చింది. వెంటనే కెంపన్న గూటికి వెళ్లింది.

"ఇంటింటికీ వెళ్లి ఏమంటావు బాబూ?" అని అడిగింది.

"ఎంత తీసుకున్నారో గుర్తుచేస్తాను. ఎందుకివ్వలేకపోయారో వింటాను. అరిస్తే ఎవరైనా తలుపేసుకుంటారు కదమ్మా! పది గవ్వలు వస్తే ఒకటి నా కూలి. అదీ వచ్చాకే ఇవ్వు," అన్నాడు కెంపన్న.

ముళ్లమ్మ సరేనని, ఎవరెంత బాకీయో వివరంగా చెప్పింది. మర్నాడే గర్జప్ప, కెంపన్న ఇద్దరూ పనిలోకి దిగారు.

గర్జప్ప ముంగిస వాకిలి తవ్విపోశాడు. కుందేలు బొరియ ముందు నిలబడి పిల్లలు జడుసుకునేలా అరిచాడు. బాకీ ఎప్పుడో తీర్చేసిన జింకను కూడా బెదిరించి ఐదు గవ్వలు లాక్కున్నాడు.

కెంపన్న కూడా కుందేలు ఇంటికి వెళ్లాడు. పిల్లలకు జబ్బు చేసిందని తెలిసి, "వారానికి రెండు గవ్వలివ్వు తల్లీ," అన్నాడు. కుందేలు కళ్లు తుడుచుకుని అప్పటికప్పుడే రెండు గవ్వలు ఇచ్చింది.

నక్క మాత్రం బుకాయించింది. "దుంపలా? నేనెప్పుడు కొన్నాను?"

"వాగు ఎండిన రోజున ఆరు పట్టుకెళ్లావు కదా మామా! ఆరోది చప్పగా ఉందని మళ్లీ వచ్చి మార్చుకున్నావు కూడా," అన్నాడు కెంపన్న నెమ్మదిగా.

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నక్కకు కూడా నవ్వొచ్చేసింది. తల గోక్కుంటూ గవ్వలు తెచ్చి ఇచ్చింది.

తొలకరి జల్లు పడేనాటికి ముళ్లమ్మ కొట్టు దుంపలతో నిండిపోయింది. పిల్లలు కేరింతలు కొడుతూ వానలో తడిశారు. కొట్టు ముందు బారులు తీరినవాళ్లలో కుందేలు కూడా ఉంది.

గుబురన్న కొట్టు వైపు మాత్రం ఎవరూ తొంగిచూడలేదు. గర్జప్ప తన సగం తీసుకున్నాడు. గొంతు నొప్పికి మందని మిగతా సగం కూడా మూటగట్టుకుని కొండ దాటిపోయాడు.

గుబురన్న తల వంచుకుని ముళ్లమ్మ దగ్గరికి వచ్చాడు. "గవ్వలూ పోయాయి, మంచిపేరూ పోయింది అక్కా! ఇప్పుడేం చేయను?"

"గవ్వల సంగతి తర్వాత. ముందు అందరినీ క్షమించమని అడుగు. పద, నేనూ వస్తాను," అంది ముళ్లమ్మ.

గుబురన్న గడప గడపకూ వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ముంగిస వాకిట్లోని గుంతలు తన చేతులతోనే పూడ్చాడు. జింకకు తిరిగివ్వడానికి గవ్వలు లేవు. అందుకని చెట్టెక్కి, తేనెటీగలతో కుట్టించుకుని, దొప్పనిండా తేనె తెచ్చాడు. అతని ముక్కు బూరెలా ఉబ్బిపోయింది.

అది చూసి జింకపిల్ల కిలకిలా నవ్వింది. మూతికంటిన తేనె నాకుతూ, "మామా, రేపు ఇంకో దొప్ప కావాలి. అరువు కాదు, గవ్వలు తెస్తాను!" అంది.

ఎన్నాళ్లకో వచ్చిన ఆ మొదటి బేరానికి గుబురన్న వానలో చిందులేశాడు.

నీతి: బాకీ అడగడానికి మనం పంపేవాడి నోటి నుంచే లోకం మన మాట వింటుంది. అందుకే గట్టిగా అరిచేవాణ్ణి కాక, మంచిపేరున్నవాణ్ణి విచారించి ఎంచుకోవాలి.