ఉప్పుకుప్ప తల్లికి తిట్ల మొక్కు

కొటారుపాలెం దాటి తూర్పుగా నడిస్తే ఉప్పు మడులు మొదలవుతాయి. మడుల మధ్య గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడిచేంత దారి ఉంది. ఆ దారి చివర, సముద్రానికి అరమైలు ఇవతల, రెండు నిలువుల ఎత్తు, కళ్ళమంత వెడల్పు ఉన్న మట్టిదిబ్బ కనిపిస్తుంది. జ్యేష్ఠంలో వస్తే దిబ్బ మీద ఉప్పుకుప్ప, ఆ కుప్ప మీద బిందెంత నల్లరాయి. ఆ రాయే ఉప్పుకుప్ప తల్లి.

గోపురం ఎక్కడ, గర్భగుడి ఎక్కడ అని యాత్రికులు వెతకవద్దు. లేవు. కప్పు కూడా లేదు. ఉండకూడదు కనుక లేదు. నాలుగేళ్ళ కిందట ఒక దాత ఎంత చెప్పినా వినకుండా ఇనుప స్తంభాలు పాతించి రేకుల కప్పు వేయించారు. దాని మీద మూరెడేసి అక్షరాలతో తన పేరు రాయించుకున్నారు. ఆ ఏటి గాలికే రేకులు లేచి మడుల్లో పడ్డాయి. పేరున్న రేకు ఇప్పుడు ఊళ్ళో ఒక మేకల దొడ్డికి తలుపుగా పనికివస్తున్నది. అమ్మ చరిత్ర తెలియక ఇంకా కొందరు అటువంటి ప్రయత్నాలు చేస్తున్నారు కాబట్టి, దాన్ని మొదటి నుంచి చివరి దాకా, అమ్మ ఉత్సవం నడిపే మేము ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాము. చదివిన తర్వాతనైనా ఊరుకుంటారని ఆశ.

పూర్వం ఇక్కడ మడులన్నీ భూలోకయ్య అనే కామందు చేతి కింద ఉండేవి. పని చేసేవారు ఉప్పు పండించి గంపలతో మోసి అతని కొటారులో పోసేవారు. కొటారు అంటే ఉప్పు నిలవచేసే కొట్టు. వారి కూలికి బదులుగా ఒక్కొక్కరికి ఒక చిన్న మడి ఉండేది. అందులో పండినది వారిది. ఏటా తొలి ఉప్పు పిడికెడు తీసి, దిబ్బ పక్కనున్న మడి మూలలోని నల్లరాయి దగ్గర పెట్టి అమ్మకు మొక్కడం అందరికీ ఆనవాయితీ.

వారిలో అసిరమ్మ అనే ఆమె ఉండేది. భర్త గురయ్య, కూతురు నీలాలు, దిబ్బ పక్కన ఒక మడి, ఒక తాటాకు ఇల్లు. ఇంతే ఆమె సంసారం. ఒక ఏడు ఉప్పు ఎత్తే వారంలోనే అకాల వాన పడి మడి మొత్తం కరిగిపోయింది. రెండో ఏడు గురయ్య విషజ్వరంతో పోయాడు. మూడో ఏడు గాలికి ఇల్లు లేచిపోయింది. ఎంత ఓర్చుకునే మనిషికైనా మూడేళ్ళలో మూడు దెబ్బలు ఎక్కువే.

అసిరమ్మ ఓర్చుకోలేదు. రాయి ఎదుట నిలబడి తిట్టింది. పిడికెడు ఉప్పు తెచ్చి పెడుతూ తిట్టింది, దణ్ణం పెట్టి తల ఎత్తి మళ్ళీ తిట్టింది. అయితే ఒక్క ఏడు కూడా తొలి ఉప్పు పెట్టడం మానలేదు. ఊరివారు ఆమెకు రెండు రకాల సలహాలు చెప్పారు. అమ్మను తిట్టడం పాపం, అది నీ పూర్వజన్మ కర్మ, నోరు మూసుకుని భరించు అని కొందరు. ఆ రాయిలో ఏమీ లేదు, ఉప్పు పెట్టడం మానెయ్యి అని మరికొందరు. ఎదుటివాడి ఇల్లు కూలినప్పుడు సలహాలు చెప్పేవారికి ఏ కాలంలోనూ కరువు లేదు. ఆమె కోసం నాలుగు తాటాకులు మోసుకొచ్చినవారు మాత్రం ఒక్కరూ లేరు.

భూలోకయ్య సంగతి వేరు. అతడు కొత్తగా ఇటుక గోడలతో, పెంకు కప్పుతో, రెండు పొరల తలుపుతో కొటారు కట్టించాడు. దాని తలుపు తట్టే దమ్ము గాలివానకు లేదని చెప్పుకునేవాడు. తొలి ఉప్పు రాయికి కాదు, తన కొటారుకు రావాలని చాటించాడు. భయపడి అందరూ ఒప్పుకున్నారు. అసిరమ్మ ఒప్పుకోలేదు.

నాలుగో ఏడు జ్యేష్ఠమాసం తొలి మంగళవారం. అసిరమ్మ ఉప్పు బాగా పండింది. దిబ్బ మీద కుప్ప పోసుకుంది, రాయికి తొలి పిడికెడు ఇంకా పెట్టలేదు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన నీలాలుకు అప్పుడు తొమ్మిదో నెల. ఆ కుప్ప నిలిస్తే కాన్పు గడుస్తుంది, ఇల్లు మళ్ళీ లేస్తుంది. పొద్దున తూర్పున మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. గట్టి గోడలున్న చోట ఉంటుందని అసిరమ్మ కూతుర్ని ఊరివారితో కలిపి కొటారుకు పంపించి, తాను కుప్పను కప్పడానికి దిబ్బ ఎక్కింది.

ఆమె ఒక తాటాకు కప్పితే గాలి రెండు లాక్కుపోయింది. చివరి ఆకు కూడా చేతిలోంచి పోయాక వాన దిగింది. కళ్ళ ముందే కుప్ప కరగడం మొదలుపెట్టింది. అప్పుడు అసిరమ్మకు వచ్చిన కోపాన్ని ఈ పుస్తకంలో రాయగలిగిన శక్తి మాకు లేదు. ఆమె దిబ్బ దిగి, మడి మూలనున్న నల్లరాయిని రెండు చేతులా పెకలించి, రొమ్ముకు అదుముకుని పైకి తెచ్చి, కరుగుతున్న కుప్ప మీద దబ్బున కూలేసింది. తాను పక్కన చతికిలబడింది.

"తడు. నాతో పాటు నువ్వూ తడు. నా పంట తిన్నావు, నా మొగుణ్ణి తిన్నావు, నా ఇల్లు తిన్నావు. ఇంకా కడుపు నిండనేదేటి? వానంటే ఏటో ఇయాల నువ్వూ సూడు. నాను లెగను. నిన్ను లెగనివ్వను."

గాలి హోరు పెరిగేకొద్దీ ఆమె గొంతు పెంచింది. ఆమె తిట్లన్నీ ఊరి పెద్దలకు ఇప్పటికీ నోటికి వచ్చు. అచ్చు వేయడానికి వీలులేనివి చాలా ఉన్నాయి.

అక్కడ కొటారులో అరవైమంది తలదాచుకున్నారు. వారి బట్టల నుంచి కారిన నీరు ఉప్పు కిందికి చేరింది. భూలోకయ్య అది చూశాడు. మీ తడి బట్టల వల్ల నా ఉప్పు కరిగిపోతున్నదని చెప్పి, కర్రలు పట్టిన మనుషుల చేత ఆ అరవైమందిని వానలోకి గెంటించి రెండు పొరల తలుపూ వేయించాడు. ముసలివాళ్ళను గెంటించాడు. నిండు చూలాలిని గెంటించాడు. ఆ ఉప్పును పండించినవారు వాళ్ళే.

బయట అప్పటికే సముద్రం మడుల్లోకి వచ్చేసింది. గట్టేదో మడేదో తెలియదు. పట్టపగలే చీకటి కమ్మింది, చాచిన చెయ్యి కనబడని వాన. అటు అడుగు వేస్తే నడుములోతు, ఇటు వేస్తే బురద. ఏ దిక్కుకు పోవాలో తెలియక అందరూ నిలబడిపోయారు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. అప్పుడు నీలాలు తల ఎత్తి చెవి ఒగ్గింది.

"అది మాయమ్మ గొంతు. మాయమ్మ తిడతంది. అటే నడండి."

అరవైమందీ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఆ తిట్ల వైపు నడిచారు. గాలి హోరులో గొంతు వినిపించనప్పుడు ఆగారు, వినిపించినప్పుడు అడుగు వేశారు. అలా ఒక్కరూ తప్పకుండా దిబ్బ చేరారు.

కూతురు అక్కడికి ఎందుకు వచ్చిందో అసిరమ్మకు అర్థం కాలేదు. గెంటేశారని విన్నాక అమ్మవారిని కాసేపు పక్కన పెట్టి భూలోకయ్యను తిట్టింది. ఆ తిట్లు సగంలో ఉండగానే కొటారు గోడ పడిన చప్పుడు వినిపించింది. ఇటుకలు, పెంకులు, ఏడాది ఉప్పు, అన్నీ సముద్రంలోకే పోయాయి. మరికాసేపటికి విరిగిన తలుపు చెక్కను కరుచుకుని భూలోకయ్య దిబ్బ అంచుకు కొట్టుకొచ్చాడు. అతని మనుషులు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. దిబ్బ మీదివారు అతనికి చెయ్యి ఇవ్వలేదు. ఒకరిద్దరు ఆ చెక్కను కాలితో వెనక్కి తన్నారు. అసిరమ్మ వారిని పక్కకు నెట్టింది.

"తియ్యండి కాలు. ఈడు సచ్చిపోతే నాను ఎవుల్ని తిట్టాలి?"

అని జుట్టు పట్టుకుని పైకి లాగింది. తెల్లవారే దాకా అతన్ని తిట్టడం ఆపలేదు. తన తడి కొంగును మాత్రం అతని నెత్తి మీద కప్పింది.

తెల్లవారాక వాన వెలిసింది. కుప్పలో ఒక్క రవ్వ మిగలలేదు. దాని మీది రాయి మాత్రం ఉప్పు కరిగేకొద్దీ దిగి దిగి నేల మీద కూర్చుంది. అసిరమ్మకు అమ్మ పూనిందని, ఆమే అమ్మ అని జనం కాళ్ళ మీద పడ్డారు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. నా ఉప్పూ కరిగిపోయింది, నాలో ఏ మహిమా లేదు, లేచి పిల్లలకు మంచినీళ్ళు వెతకండి అని కసిరింది. ఎండ ఎక్కాక ఆమె చీర ఆరి, అంచు వెంట ఉప్పు తెల్లగా చార కట్టింది. ఆ అంచును రెండు చేతుల మధ్య నలిపింది. చిటికెడు రాలింది. దాన్ని రాయి ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించింది.

"ఇదే ఈ యేటి తొలుప్పు. తిను."

అలా వంగిన మనిషి అలసటతో అక్కడే నిద్రలోకి జారింది. కలలో అమ్మ కనిపించింది. తడిసిన చీరతో, జుట్టు విరబోసుకుని, ఆమె పక్కన ఆమెలాగే చతికిలబడి ఉంది. అమ్మ కూడా ఆ ఊరి మాటే మాట్లాడింది.

"నాకు నోరు నేదే, అసిరీ. అరవైమందిని పిలవాల. నీ నోరు అరువెట్టుకున్నాను. నువ్వు సేతులు జోడించి గొణుక్కుంటే ఎవులికి ఇనిపించును?"

అసిరమ్మ కలలోనూ తగ్గలేదు. మరి నా ఉప్పు మాటేమిటి, నా మొగుడి మాటేమిటి అని అడిగింది. అవి తిరిగి ఇవ్వడం నా చేత కాదు, అందుకే నీ పక్కన కూర్చున్నాను అని అమ్మ చెప్పింది. తర్వాత తన కోరికలు చెప్పింది. నా నెత్తి మీద కప్పు వద్దు. ఏటా ఈ రోజున నన్ను ఉప్పు మీద కూర్చోబెట్టండి, వానలకు అది కరిగితే నన్ను నేలకు దిగనివ్వండి. కోపం వచ్చినవారు గట్టిగా తిట్టండి. చివరగా అన్న మాట ఇది:

"తిట్టేసి ఎల్లిపోయినోలు నాకొద్దు. తిట్టి కూకున్నోలు కావాల."

తొమ్మిదో రోజున నీలాలు ఆడపిల్లను కన్నది. నేటికీ అమ్మ సేవ ఆ పిల్ల వంశంలోని ఆడవారిదే. భూలోకయ్య పెద్ద గుడి కట్టిస్తానని ముందుకు వస్తే అసిరమ్మ గంప చూపించింది. ఆ ఏటి నుంచి తొలి గంప ఉప్పును అతడే నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేకుండా దిబ్బకు మోశాడు. అతని వంశంలోని పెద్ద ఇప్పటికీ మోస్తున్నారు. నిరుడు ఆ పెద్దమనిషి మోకాళ్ళ నొప్పి అని గంపను గట్టు దాకా జీపులో పంపించబోయారు. వెనక్కి తిప్పి పంపాము.

జ్యేష్ఠమాసం తొలి మంగళవారం నాడు అమ్మను కుప్ప మీదికి ఎక్కిస్తారు. తర్వాత తిట్ల మొక్కు మొదలవుతుంది. ఎవరి కష్టం వారు గొంతెత్తి చెప్పి తిట్టవచ్చు. మైకు నిషేధం. కోడలి మీది కోపాన్ని అమ్మ పేరు పెట్టి తీర్చుకునేవారిని వెంటనే గుర్తుపడతాము. తిట్టినవారు లేచి పోరాదు. మడుల మీద ఎండ వాలే దాకా అక్కడే కూర్చుని, చిటికెడు ఉప్పు పెట్టి మొక్కి వెళ్ళాలి. ఆ రోజున నిలబడి మొక్కవచ్చు. శ్రావణం వచ్చేసరికి అమ్మ నేల మీద ఉంటుంది. అప్పుడు ఎంతటివారైనా మోకాళ్ళ మీద వంగక తప్పదు.

తిట్టడం అపచారమని మాకు ఉత్తరాలు రాసే పెద్దలకు ఒక మనవి. ఈ పేజీలు రాసిన నేనూ ఒక ఏడు ఆ దిబ్బ మీద గొంతు పోయేలా తిట్టినవాణ్ణే. కారణం ఇక్కడ రాయను. మీకు అంతటి కష్టం రాలేదు కాబట్టి మీరు ఉత్తరాలు రాస్తున్నారు. రాకూడదనే కోరుకుంటున్నాను.

ఇక్కడ మొక్కినవారి ఉప్పు కరగదని మేము చెప్పము. కరుగుతుంది. పోయినవారు తిరిగివస్తారనీ చెప్పము. అసిరమ్మకే రాలేదు. ఈ తల్లి ఇచ్చే ఫలం ఒక్కటే. మీరు నమ్మకం వదలకుండా, కడుపు మండి, ఒంటరిగా కూర్చుని అరిచిన అరుపు దారి తెలియని ఇంకెవరికో చేరుతుంది. అది మీకు తెలియకపోవచ్చు.

యాత్రికులు గట్టు దారిన జాగ్రత్తగా రావాలి. జ్యేష్ఠంలో వాన ఏ క్షణమైనా పట్టవచ్చు. పట్టి దారి కనబడకపోతే అడ్డదిడ్డంగా పరిగెత్తకండి. ఉన్నచోటనే నిలబడి చెవి ఒగ్గండి. దిబ్బ మీద ఎవరో ఒకామె తిడుతూనే ఉంటుంది. ఆ గొంతు పట్టుకుని నడిచి రండి.