పన్నెండుమంది పెట్టు

నేను ఉద్దండరాయలవారి కొలువులో ఉన్న రోజుల్లో సూర్యుడు నన్నొక మాట అడిగి గానీ ఉదయించేవాడు కాదు. ఆ సంగతి తరవాత. ముందు లడ్డూ సంగతి చెప్తాను.

మా రాయలవారు రోజూ మధ్యాహ్నం కొలువువాళ్లందరితో కలిసి బంతిలో కూర్చుని భోంచేసేవారు. అక్కడ రెండే నియమాలు. విస్తట్లో మెతుకు మిగల్చకూడదు. అన్ని విస్తళ్లూ ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, రాయలవారితో సహా.

ఒకనాడు దళవాయి రుద్రప్పనాయుడు తన లడ్డూను పైకెత్తి పట్టుకుని, నా విస్తరివైపు చూపించాడు. దళవాయి అంటే మా సేనకంతటికీ పెద్ద. ఆయన గుమ్మంలోకి రావాలంటే మీసాలు ఒకదాని తరవాత ఒకటి రావలసిందే.

"ప్రభూ! నా లడ్డూ, ఈ తిప్పన్నగాడి లడ్డూ ఒకటే లావు! యుద్ధాలు గెలిచే నోటికీ, కబుర్లు చెప్పే నోటికీ తేడా లేదా?"

రాయలవారికి ఆ మాట నచ్చింది. ఆయనకు భోజనాల దగ్గర ఏ మాటైనా నచ్చేది.

"నిజమే. రేపటినుంచి ఎవరి హోదాకు తగ్గట్టు వాళ్లకు వడ్డన. ఏ ఒక్క పదార్థంలో కొలత తప్పినా వంటవాడు సంస్థానం విడిచి పోవాలి."

వంటపెద్ద అప్పంభొట్లు గరిటెతో సహా నా పక్కకొచ్చి వంగాడు. డెబ్భై ఏళ్ల మనిషి. ఆ గరిటె మీద దళవాయిగారి బావమరిదికి ఎప్పటినుంచో కన్నుంది.

"నాయనా తిప్పన్నా, హోదాను ఏ గరిటెతో కొలవనురా? ఈ వయసులో ఎక్కడికి పోను?" అన్నాడు నా చెవిలో.

విస్తళ్లన్నీ ఖాళీ కాగానే నేను లేచి నిలబడ్డాను. నేను లేస్తే సభలో గాలి కూర్చునేది.

"ప్రభూ, ఆజ్ఞ దివ్యంగా ఉంది. ఆ కొలతేదో దళవాయిగారే సెలవిస్తే సరి. నాయుడుగారూ, తమరు ఎంతమంది తిప్పన్నల పెట్టు?"

"పన్నెండుమంది!"

"మొహమాటపడి తగ్గిస్తున్నారేమో."

"లేదులేవోయ్. పన్నెండు చాలు."

అన్ని పదార్థాలకూ అదే కొలత అని రాయించి రాయలవారు ముద్ర వేశారు. నేను అప్పంభొట్లు చెవిలో మర్నాటి వంటకాలు చెప్పాను.

మర్నాడు నాకొక లడ్డూ, ఆయనకు పన్నెండు. పన్నెండూ తిని, మీసాలకంటిన నెయ్యి తుడుచుకుంటూ నావంక చూశాడు.

"ఎలా ఉందిరా తిప్పన్నా?"

"కన్నులపండువగా ఉంది నాయుడుగారూ. కానివ్వండి."

ఆ తరవాత కొరివికారం వచ్చింది. పండుమిరపకాయలు నూరి చేసే పచ్చడి. అప్పంభొట్లు అది నూరుతుంటే పొరుగు సంస్థానంలో ఏనుగులు తుమ్మేవి. నాకొక గరిటె, ఆయనకు పన్నెండు.

నా గరిటెడూ నేను కన్ను చెమర్చకుండా తినేశాను. చెమర్చిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆయన మూడో గరిటెకల్లా మీసాలు వాలిపోయాయి.

"నీళ్లు!"

"వడ్డించండయ్యా," అన్నాను. "నాకొక చెంబు, వారికి పన్నెండు."

ఆయన నాలుగు చెంబులు తాగి ఆగాడు. ఇంకా ఎనిమిది చెంబులు, తొమ్మిది గరిటెలు ఉన్నాయి. బంతిలో మిగతా విస్తళ్లన్నీ ఖాళీ. రాయలవారు రెండుసార్లు ఆవలించారు.

"రుద్రప్పా, మాకు నిద్రవేళయింది. మేము లేవాలా వద్దా?"

దళవాయి ఒకసారి పచ్చడివైపు చూశాడు, ఒకసారి నావైపు చూశాడు.

"ప్రభూ... ఈ పచ్చడి మటుకు... నేనూ తిప్పన్నా సమానమే అనుకుందాం."

నేను చేతులు జోడించాను.

"లడ్డూలప్పుడు పన్నెండుమంది కూర్చున్నారు ప్రభూ! పచ్చడి వచ్చేసరికి పదకొండుమంది ఎటు లేచిపోయారో దళవాయిగారినే అడగండి!"

రాయలవారి నవ్వుకు కప్పుమీద పెంకులు మూడు జారాయి. నేను లెక్కపెట్టాను. ఆయన అక్కడికక్కడే ఆజ్ఞాపత్రం చింపేసి, నాయుణ్ణి విస్తరి వదిలి లేవనిచ్చారు.

"అప్పంభొట్లూ, నీ గరిటె నీదే. ఇక మన తిప్పన్న తెలివికి తగ్గ లడ్డూ ఒకటి చుట్టి ఇవ్వు."

ముసలాయన కళ్లు తుడుచుకుని అన్నాడు:

"అంత శనగపిండి మన సంస్థానంలో లేదు ప్రభూ!"

బంతి బంతంతా ఘొల్లుమంది. దళవాయి కూడా నవ్వబోయాడు గానీ, నోరు మండింది.

శనగపిండి పొరుగు సంస్థానాల నుంచి తెప్పించారు. లడ్డూ ఇంటికి చేర్చడానికి నాలుగు ఎడ్లు కట్టాం. దారిలో అవి ఒక్కసారే ఆగాయి, ఉదయించమంటారా అని సూర్యుడు నన్నడగడానికి వచ్చినప్పుడు.