పులికంప గుట్ట

మా గురువుగారు వీరదాసుగారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు ఆ పూటే జవాబు చెప్పరు. మనల్ని వెంటబెట్టుకుని పనిలోకి దిగుతారు. ఆ పనిలో జవాబు దొరక్కపోతే అది మన ఖర్మ.

ఆ ఏడు నా తోటి శిష్యుడు కొమురయ్య అడిగిన ప్రశ్నకు మాత్రం ఆయన తలైనా ఎత్తలేదు. "అయ్యా, మనిషి చేసిన తప్పు ఎప్పటికి తీరుతుంది?" అన్నాడు కొమురయ్య. అప్పుడు మేం ముగ్గురం ఆశ్రమం వెనక గుట్ట మీద పులికంప వేళ్లు తవ్వుతున్నాం. అడగరాని చోట అడిగాడు. ఎందుకంటే ఆ కంపను ఆ గుట్టకు తెచ్చింది గురువుగారే.

నలభై ఏళ్ల కిందట పట్నంలో ఎవరిదో బంగళా ముందు, ఎరుపూ పసుపూ కలిసిన ఆ పూలగుత్తులు చూసి ఆయన ముచ్చటపడ్డారు. మూడు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అప్పుడు గుట్ట నిండా తంగేడు, వావిలి, కలివి పొదలుండేవి. అవి అడవి మొక్కలు, ఆశ్రమానికి అందమివ్వవని కొట్టించి, చుట్టూ ఈ కొమ్మలు నాటించారు. మేకలు ముట్టవు, నీళ్లు అడగవు, ఏడాది పొడుగునా పూలు. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటే ఆయన మురిసిపోయారు. పిట్టలు ఆ పండ్లు తిని గుట్టంతా విత్తాయి. ఇప్పుడు గుట్ట మీద మనిషి దూరే సందు లేదు.

మూడేళ్లుగా పీకుతున్నాం. పీకిన చోట తంగేడు, వావిలి నాటుతున్నాం. వాన పడగానే పులికంపే ముందు లేస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఆశ ఎప్పుడో పోయింది. గురువుగారి మొహం చూసి గడ్డపార పడుతున్నానంతే. నాటిన అరవై తంగేళ్లలో ఆ ఏడు పూతకొచ్చింది ఒక్కటి. ఈ మట్టిలో నిలిచిన చెట్టు గింజే మళ్లీ ఈ మట్టిలో నిలుస్తుందని, దాని కాయలు ఎండేదాకా ఆగి గుట్టంతా చల్లాలని ఆయన కోరిక. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకో కోరిక లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి దాన్ని చూసి వచ్చేవారు.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున ఐలవ్వ ఖాళీ గంపతో వచ్చింది. గుట్ట కింద గొర్లు కాసుకునే ముసలామె, గురువుగారి ఈడుదే. ఒక కరువేడు మేత దొరక్క ఆమె గొర్లు ఈ ఆకు తిన్నాయి. కళ్లు పచ్చబడి పదకొండు చచ్చిపోయాయి. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. గురువుగారు ఎన్నడూ మరచిపోలేదు.

"తంగేడు కోసమొచ్చిన అయ్యా. ఊరి చుట్టూ తిరిగిన, యాడ లేదు. తంగేడు లేంది బతుకమ్మ ఎట్ల పేరుస్తం?" అంది.

గురువుగారు ఆమెను పూతకొచ్చిన ఆ ఒక్క చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "కోసుకో ఐలవ్వా" అన్నారు. కొమురయ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

ఐలవ్వ చెట్టు చుట్టూ తిరిగి చూసింది. పూల కింద లేత కాయలు అప్పుడే సాగుతున్నాయి. ఒక కొమ్మను వంచి, మళ్లీ మెల్లగా వదిలేసింది.

"ఇంత పిల్లచెట్టును ఎట్ల దుయ్యాలె? ఉండనియ్యి."

పక్కకు తిరిగి పులికంప పూలు కొయ్యడం మొదలుపెట్టింది. ముళ్లు గీరుతున్నా ఆగకుండా గంప నింపింది. గురువుగారు ఆమె ముంజేతి మీద నెత్తుటి గీతలు చూస్తూ నిలబడ్డారు.

"వీటితోనే పేరుస్తావా?" అన్నారు చివరికి.

"నా మనుమరాలికి ఇవే ఇష్టం అయ్యా. పోయినేడు యాడనో నాలుగు తంగేడు పూలు దొరికితే తెచ్చిన. 'గివేం పూలు అవ్వా, గివి బతుకమ్మల పెడ్తరా?' అన్నది."

ఐలవ్వ నవ్వింది. నవ్వుతూనే గంప నెత్తికెత్తుకుని దిగిపోయింది. ఆ నవ్వు కన్నా నాలుగు తిట్లు తిట్టిపోయినా బాగుండేదనిపించింది నాకు.

"పెద్ద మనసు. మిమ్మల్ని ఎప్పుడో క్షమించేసింది అయ్యా" అన్నాడు కొమురయ్య ఓదార్పుగా.

గురువుగారు ఆ ఎరుపూ పసుపూ గంప మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత సగం తవ్విన వేరు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, గడ్డపార అందుకున్నారు.

"తప్పు ఎప్పటికి తీరుతుందని అడిగావు కదా కొమురయ్యా. ఈ గుట్ట ఇలా ఉండేది కాదని తెలిసినవాళ్లం నేనూ ఐలవ్వా ఇద్దరమే మిగిలాం. మేం పోతే తీరిపోతుంది."